ట్యాంకు ఎత్తే ముందు



మీ మోటార్‌సైకిల్ తాళం తిప్పగానే, ఇంకా సెల్ఫ్ కొట్టకముందే, ట్యాంకులోంచి సన్నగా ‘జుయ్’ మని ఒక మోత వస్తుంది. రెండు మూడు సెకన్లు ఉండి ఆగిపోతుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. బండి కొన్న కొత్తలో ఒకరిద్దరు షోరూములో అడుగుతారు, ఇదేం చప్పుడండీ అని. అది ఫ్యూయల్ పంపు మోత. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే చిన్న కరెంటు మోటారు అది. ఈ పూట మనం మాట్లాడుకునేది దాని గురించే. సరిగ్గా చెప్పాలంటే, ఆదివారం ఇంటి దగ్గర బండి పని చేసుకుంటూ ఆ పంపును మన చేత్తో మనమే విరగ్గొట్టుకుంటే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అనే దాని గురించి.

మనమే విరగ్గొట్టుకోవడం ఏమిటి అంటారా? వినండి.

కార్బొరేటర్ బండ్లు గుర్తున్నాయి కదా. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. ట్యాంకు అడుగున ఎడమవైపు ఒక కాక్. ఆన్, ఆఫ్, రిజర్వ్. పెట్రోలు తన బరువుకు తనే జారి కిందికి దిగేది. మధ్యలో ఒక రబ్బరు పైపు, దానికో తీగ క్లిప్పు. ట్యాంకు తియ్యాలంటే కాక్ ఆఫ్ చెయ్యడం, పైపు పీకడం, సీటు తీసి వెనక బోల్టు విప్పడం, ట్యాంకు ఎత్తడం. అంతే పని. పైపు మొండికేస్తే కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని గుంజేవాళ్ళు. కాక్ లోహంతో చేసింది. ఎంత గుంజినా దానికేమీ అయ్యేది కాదు. నాలుగు చుక్కలు కారితే గుడ్డతో తుడిచేసేవాళ్ళు.

2006లో గ్లామర్ ఎఫ్‌ఐ పేరుతో హీరో హోండా ఒక బండి తెచ్చింది. ఎఫ్‌ఐ అంటే ఫ్యూయల్ ఇంజక్షన్. దాంట్లో కార్బొరేటర్ లేదు. కంప్యూటర్ చెప్పినంత పెట్రోలును ఇంజక్టర్ చిమ్ముతుంది. అప్పట్లో మెకానిక్కులు దాన్ని చూసి కాస్త దూరం జరిగేవారు. ఆ తర్వాత పెద్ద బండ్లు కొన్ని ఆ దారి పట్టాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధన వచ్చింది. పొగ తగ్గాలంటే పెట్రోలును లెక్కగా కొలిచి ఇవ్వాలి. దాంతో ఊళ్ళో పాలు పోసే బండి దగ్గర్నుంచి దాదాపు అన్నీ ఎఫ్‌ఐ అయిపోయాయి. కాక్ పోయింది. రిజర్వ్ పోయింది. వాటి బదులు పంపు వచ్చింది.

బండి మారింది. చేతి అలవాటు మారలేదు. ఈ పంపులు విరగడానికి అసలు కారణం అదే. మరోసారి చెబుతున్నాను, బండి కొత్తది, చేతి అలవాటు పాతది.

ఇప్పుడు ఆ పంపు ఎలా ఉంటుందో చూద్దాం. మోటారు, దాని నోటికి తెల్లటి జాలీ సంచి లాంటి ఫిల్టరు, ఒత్తిడి మించకుండా చూసే రెగ్యులేటరు, మీటరులో పెట్రోలు ఎంతుందో చూపించే ఫ్లోటు. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ చట్రంలో కూర్చి, చాలా బండ్లలో ట్యాంకు అడుగు నుంచి లోపలికి దూర్చి, చుట్టూ బోల్టులు బిగిస్తారు. బయటికి కనిపించేవి రెండే. ఒకటి వైర్లు తగిలించే కప్లరు. రెండోది ఒక ప్లాస్టిక్ మెడ, చిటికెన వేలంత లావు కూడా ఉండదు. పెట్రోలు పైపు తగిలేది ఆ మెడకే. మనం విరగ్గొట్టేదీ ఆ మెడనే.

ఆ మెడలోంచి పెట్రోలు ఊరికే జారదు. పంపు దాన్ని తోస్తుంది. చాలా బండ్లలో ఆ ఒత్తిడి సుమారు 3 బార్లు. కారు టైర్లో మనం కొట్టించే గాలికన్నా ఎక్కువ ఒత్తిడి అది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. బండి పికప్ తగ్గిందని ఎయిర్ ఫిల్టరు చూసుకుందామనుకున్నాడు. అతని బండిలో ఎయిర్ ఫిల్టరు ట్యాంకు కింద ఉంటుంది. సీటు తీశాడు. బోల్టులు విప్పి వరసగా ఒక కంచంలో పెట్టుకున్నాడు. అంతవరకూ ముచ్చటగానే ఉంది. తర్వాత ట్యాంకును రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి పైకెత్తాడు. కింద పైపు ఇంకా తగిలే ఉంది.

టక్కుమంది.

పైపులో నిలిచి ఉన్న ఒత్తిడికి పెట్రోలు ఒక్కసారి మోచేతుల మీదికి చిమ్మింది. ఆ తర్వాత ట్యాంకు అడుగు నుంచి చుక్కలు ఆగలేదు. పైపు చివర చూస్తే, లాకులో విరిగిన మెడ ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది. ప్లాస్టిక్ తెగినచోట తెల్లగా, బరకగా ఉంది. అదే సమయానికి ఇంట్లో పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. వాళ్ళమ్మగారు వాసన పట్టి వెంటనే బయటికి రాలేదు. ముందు పొయ్యి కట్టేసి, సిలిండరు రెగ్యులేటరు తిప్పి, అప్పుడు వచ్చారు. ఆ రోజు అక్కడ జరిగిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనది అదే అని నా ఉద్దేశం.

ఈలోగా నలుగురు చేరారు. సలహాలకేం కొదవ? ఒకాయన జిగురు పెట్టమన్నాడు. ఒకాయన రెండు ముద్దలు కలిపి పిసికి అంటించే సీలు ఉందిగా, అది పెట్టు, రాయిలా గట్టిపడుతుందన్నాడు. ఇంకొకాయన ట్యూబు రబ్బరు చుట్టి తీగతో బిగించమన్నాడు. మీకూ ఇలాంటి సలహాలే వస్తాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మొదటి అయిదు నిమిషాల్లో ఏం చెయ్యాలో వినండి. ఎందుకంటే పంపు విరిగితే పోయేది డబ్బు. ఆ అయిదు నిమిషాల్లో పొరపాటు జరిగితే పోయేది డబ్బు కాదు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి పోదు. నేల మీద పాకుతూ పల్లం వైపు వెళుతుంది. వాకిట్లో మీ ట్యాంకు కారుతుంటే, ఆ ఆవిరి గడప దాటి దేవుడి గదిలో దీపం దాకా పోగలదు. పెట్రోలు పడ్డచోటుకు నిప్పు దూరంగానే ఉంది కదా అన్న ధీమా వద్దు. అందుకే ముందు మంటలు ఆర్పాలి. పొయ్యి, దీపం, అగరువత్తి, పక్కనెవరైనా సిగరెట్ కాలుస్తుంటే అది కూడా. ఆ దగ్గర్లో లైటు, ఫ్యాను స్విచ్చులు వెయ్యవద్దు, తియ్యవద్దు. స్విచ్చులో మనకు కనిపించని రవ్వ వస్తుంది. బండి తాళం తీసెయ్యండి. వీలైతే బండిని ఆరుబయటికి, గాలి ఆడే చోటికి తోసుకెళ్ళండి. పెట్రోలు చిమ్మిన బట్టలు మార్చుకుని, ఒళ్ళు సబ్బుతో కడుక్కోండి. కంట్లో పడితే పావుగంట పాటు నీళ్ళతో కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఒక మాట. సెల్లార్‌లో ఈ పని పెట్టుకోవద్దు. సెల్లార్ అంటేనే పల్లం. ఆవిరి అక్కడే నిలబడిపోతుంది. మన కరెంటు మీటర్ల బోర్డు చాలాచోట్ల అక్కడే ఉంటుంది. బోరు మోటారు స్టార్టరు కూడా అక్కడే. పైన ట్యాంకులో నీళ్ళు తగ్గాయంటే ఆ స్టార్టరు ఎవరినీ అడగకుండా తనంతట తానే ‘ఠప్’ మని పడుతుంది. మిగతాది నేను చెప్పక్కర్లేదు.

ఒకవేళ అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి. పెట్రోలు నీళ్ళ మీద తేలుతుంది, మంటను వెంటబెట్టుకుని ప్రవహిస్తుంది. ఇసుక చల్లాలి, లేదా పొడి చిమ్మే ఫైర్ సిలిండరు వాడాలి. పని మొదలుపెట్టే ముందే ఒక బకెట్టు ఇసుక పక్కన పెట్టుకుంటే మరీ మంచిది. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఇక ట్యాంకులో మిగిలిన పెట్రోలు తియ్యాలి. దయచేసి పైపు పెట్టి నోటితో లాగవద్దు. మన మెకానిక్కుల్లో చాలామందికి ఉన్న అలవాటిది. ఒక గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందంటే ఆసుపత్రి మెట్లు ఎక్కాల్సిందే. మింగినవాళ్ళ చేత వాంతి చేయించడం ఇంకా ప్రమాదం, అది కూడా వద్దు. చేత్తో నొక్కి తోడే పంపు వాడండి. పట్టేది బకెట్టులోకీ మంచినీళ్ళ సీసాలోకీ కాదు. మూత గట్టిగా పడే లోహపు డబ్బాలోకి పట్టండి. డబ్బాను నేల మీదే ఉంచి పట్టండి.

ఇప్పుడు జిగురు సంగతి.

విరిగిన మెడను అంటించి వాడుకోవచ్చా? వద్దు. సూటిగా చెబుతున్నాను, వద్దు. ఇందాక ఒత్తిడి గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆ మెడ మీద ఎప్పుడూ 3 బార్ల ఒత్తిడి ఉంటుంది. దానికి తోడు ఇంజను అదురు. దానికి తోడు కింది నుంచి వేడి. ఆ ప్లాస్టిక్ పెట్రోలును తట్టుకోవడానికి చేసింది, నున్నగా ఉంటుంది, జిగురును పట్టనివ్వదు. పైగా ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది కొన్ని రకాల జిగుళ్ళను మెత్తబరుస్తుంది. గట్టిపడిన ముద్ద చూడ్డానికి రాయిలాగే ఉంటుంది. తాళం తిప్పి చూస్తే చుక్క కారదు. మీకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో మీరు ఊరు దాటాక, గోతిలో ఒక్క కుదుపుకు అది ఊడుతుంది. ఊడినప్పుడు పెట్రోలు కారదు, చిమ్ముతుంది. చిమ్మేది ఎక్కడ? మీ మోకాళ్ళ మధ్య, కాలిపోతున్న ఇంజను మీద. కార్బొరేటర్ రోజుల్లో లీకు అంటే చుక్కలు. ఎఫ్‌ఐ బండిలో లీకు అంటే ధార.

లేతు పని తెలిసినవాళ్ళు కొందరు ఇంకో దారి చెబుతారు. విరిగిన మెడ మొదలు దాకా కోసేసి, రంధ్రం సరిచేసి, ఇత్తడి నిపిల్ తిరగతీసి, లోపల నట్టు, ఓరింగ్ వేసి బిగించడం. చక్కగా చేస్తే అది నిలబడుతుంది కూడా. కానీ ఇక్కడ జిగురు లేదు, మరల పట్టు మీద నిలబడుతుందని గమనించండి. విడిభాగం దొరకని పాత విదేశీ బండికి అది తప్పని తిప్పలు. రోజూ పిల్లను స్కూల్లో దింపే బండికి నేనైతే దాన్ని ఒప్పుకోను. సామాన్లు దొరికే బండికి సామానే వెయ్యాలి.

సామాను అంటే ఏమిటి? కొన్ని బండ్లకు పంపు మొత్తం చట్రంతో కలిపి ఒకటిగానే అమ్ముతారు. కొన్నింటికి మోటారు వేరుగా, ఫిల్టరు వేరుగా, పైచట్రం వేరుగా దొరుకుతాయి. మీ పంపులో విరిగింది మెడ ఒక్కటే అయి, మోటారు బాగున్నా, కంపెనీ మొత్తం సెట్టే అమ్మితే మొత్తం కొనక తప్పదు. కడుపు మండుతుంది, నిజమే. షాపుకు వెళ్ళేటప్పుడు విరిగిన పంపు ఆరిపోయాక ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్ళండి. బండి ఛాసిస్ నంబరు రాసుకెళ్ళండి. ఒకే పేరున్న బండికి ఒక ఏడాది ఒక పంపు, మరుసటి ఏడాది ఇంకో పంపు ఉంటాయి. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కప్లరులో పిన్నుల వరస మాత్రం కలవదు.

పైపు మార్చాల్సి వస్తే పాత కార్బొరేటర్ బండి పైపు ముక్క కోసి వెయ్యవద్దు. ఫ్యూయల్ ఇంజక్షన్‌కు తట్టుకునే పైపు వేరు, దాన్ని బిగించే క్లిప్పు కూడా వేరు.

పంపు బయటికి తీసేటప్పుడు ఒక కిటుకు ఉంది. బోల్టులన్నీ విప్పాక అది నిటారుగా రాదు. లోపల ఫ్లోటు ఒక తీగ చివర ఉంటుంది, ఆ తీగ పక్కకు చాచుకుని ఉంటుంది. పంపును కొద్దిగా బయటికి లాగి, ఏటవాలుగా వంచి, మెల్లగా తిప్పితే ముందు ఫిల్టరు సంచి, తర్వాత ఫ్లోటు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. రాకపోతే బలం పెట్టకండి, వేరే వైపు తిప్పి చూడండి. బలం పెడితే తీగ వంగుతుంది. తీగ వంగితే బండి బాగానే నడుస్తుంది కానీ, మీటరు మాత్రం అబద్ధం చెబుతుంది. సగం ఉందని చూపిస్తూ నడిరోడ్డు మీద ఆపేస్తుంది. ఆ జాలీ సంచిని కూడా ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. ఇటుకరంగు మరకలుంటే ట్యాంకు లోపల తుప్పు ఉన్నట్టు. తుప్పు ట్యాంకులో కొత్త పంపు పెట్టి లాభం లేదు, ముందు ట్యాంకు శుభ్రం చేయించాలి.

తీసిన పంపు పనిచేస్తోందో లేదో చూద్దామని బ్యాటరీ తెచ్చి వైర్లు తాకించే అలవాటు ఒకటుంది. పెట్రోలు తడి ఆరని పంపుకు, పక్కనే మూత తీసిన ట్యాంకు ఉండగా, వైరు తాకిస్తే రవ్వ. ఇంతకన్నా వివరం అక్కర్లేదనుకుంటాను. ఇంకో సంగతి, ఆ మోటారును చల్లబరిచేది, తడిపేది పెట్రోలే. పొడిగా తిప్పితే కాసేపట్లో అరిగిపోతుంది. పెట్రోలు ఎప్పుడూ అడుగంటించి తిరిగేవాళ్ళ బండ్లలో పంపులు తొందరగా పోవడానికీ ఇదే కారణం.

ఇక బిగించడం. పంపుకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు ఓరింగ్ ఉంటుంది. పాతది బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ పెట్రోలు తాగి తాగి అది ఉబ్బి ఉంటుంది. ఒకసారి గాడిలోంచి బయటికొచ్చాక మళ్ళీ ఆ గాడిలో ఇమడదు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. అలా లేచినదాన్ని బోల్టు బలంతో అణచెయ్యాలని చూడకండి. కొత్త ఓరింగ్ వెయ్యండి. వేలల్లో ఖర్చయ్యే పనిలో ఆ రబ్బరు దగ్గర పొదుపు వద్దు. బోల్టులు చిన్న స్పానర్‌తో, ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేసారి ఒక పక్క బిగిస్తే చట్రం పగులుతుంది, లేదా ట్యాంకులో మర పోతుంది. మర పోతే ఆ ఖర్చు పంపుతో పోదు.

అంతా పెట్టాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. కొంచెం పెట్రోలు పోసి, తాళం ఆన్ చెయ్యండి. పంపు మోగి ఆగుతుంది. తాళం తియ్యండి. మళ్ళీ ఆన్ చెయ్యండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే పైపులో పూర్తి ఒత్తిడి వస్తుంది, ఇంజను మాత్రం చల్లగానే ఉంటుంది. ఇప్పుడు ఒక పొడి కాగితం తీసుకుని మెడ చుట్టూ, ఓరింగ్ చుట్టూ ఒత్తి చూడండి. కాగితం తడిస్తే పని మళ్ళీ మొదటికి. పొడిగా ఉంటేనే స్టార్టు చెయ్యండి. వీధి చివరి దాకా వెళ్ళి వచ్చి, వేడెక్కిన తర్వాత ఇంకోసారి కాగితం ఒత్తి చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. రెండూ చూడాలి.

ఇదంతా విరిగాక సంగతి. విరక్కుండా తియ్యడం ఎలాగో కూడా చెప్పాలి కదా. ట్యాంకును ఒక్కసారి ఎత్తకండి. బోల్టులు విప్పి, ఒక వైపు చెయ్యి దూరేంత మాత్రం లేపి, కింద ఒక చెక్కముక్క పెట్టండి. ముందు కప్లరు ఊడదీయండి, పైపు ముట్టుకోకండి. కప్లరు ఊడింది కాబట్టి పంపు తిరగదు. ఇప్పుడు ఇంజను స్టార్టు చేస్తే పైపులో మిగిలిన పెట్రోలుతో కొన్ని క్షణాలు నడిచి, తనే ఆగిపోతుంది. ఆగిందంటే పైపులో ఒత్తిడి పోయినట్టే. అప్పుడు తాళం తీసి, పైపు చివర చుట్టూ గుడ్డ వేసి, లాకు చూసుకోండి. కొన్ని బండ్లలో రెండు పక్కలా నొక్కాలి, కొన్నింట్లో చిన్న క్లిప్పు పక్కకు జరపాలి. లాకు వదిలిందంటే వేళ్ళతోనే వచ్చేస్తుంది. వేళ్ళతో రాలేదంటే లాకు ఇంకా వదల్లేదన్నమాట. ప్లేయర్ కోసం చెయ్యి చాచారా, అక్కడే ఆగండి. ట్యాంకు తీశాక దాన్ని నేల మీద నిలబెట్టకండి. బరువంతా ఆ మెడ మీదే పడుతుంది. మెత్తటి గుడ్డ పరిచి పక్కకు వాల్చి పెట్టండి.

మా వీధి అబ్బాయి పంపు మొత్తం కొన్నాడు. బిగించడం తెలిసిన మెకానిక్కు పక్కన కూర్చుని చేయించాడు. ఆ డబ్బాలోకి తీసిన పెట్రోలు ఏం చెయ్యాలని అడిగాడు. మీకూ ఆ ప్రశ్న వస్తుంది. కాలవలో మాత్రం పొయ్యకండి. కొంచెం గాజు సీసాలోకి తీసి, కదపకుండా కాసేపు ఉంచి చూడండి. ఒకే రంగులో తేటగా ఉంటే, సన్నటి గుడ్డలో వడగట్టి తిరిగి ట్యాంకులో పోసుకోవచ్చు. అడుగున వేరే పొర కనిపిస్తే, వర్షానికో బండి కడిగినప్పుడో నీళ్ళు చేరి, ఇథనాల్‌తో కలిసి కిందికి దిగాయన్నమాట. అది కొత్త పంపుకు పొయ్యకండి. మూత బిగించి మెకానిక్కుకు అప్పగించండి, ట్యాంకు మూత రబ్బరు కూడా ఒకసారి చూడమనండి. నీళ్ళు ఎక్కువగా దిగేది అక్కడినుంచే.